ఒక్క డీఎన్ఏ అణువుతో పని – 5వ పాఠం: ఫ్రేమ్ రేటు వేరు, ఎక్స్‌పోజర్ వేరు

ఈ పాఠంలో డీఎన్ఏని మెలితిప్పడం మొదలుపెట్టాలి. నాలుగో పాఠం చివర, అయస్కాంతం డీఎన్ఏని ఎంత బలంతో లాగుతోందో కట్టమని మూడు రికార్డింగులతో ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ఆ భాగాన్ని బాగా కుదించాను. మీ గుణకారాలు, భాగహారాలు సరిగానే ఉన్నాయి. అయినా మూడో రికార్డింగుకు దాదాపు అందరికీ 40 పికోన్యూటన్ల బలం వచ్చింది. అక్కడ ఉన్నది 10 మాత్రమే. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా మెలికల్లోకి దిగితే అక్కడ రాసే ప్రతి అంకె పక్కనా తప్పు బలమే ఉంటుంది.

అమరిక గుర్తుంది కదా. 8,000 బేస్ జతల డీఎన్ఏ, ఒక కొస గాజుకు, రెండో కొస 1 మైక్రోమీటర్ వ్యాసం ఉన్న అయస్కాంత బీడ్‌కు (చిన్న పూసకు). పైన రెండు అయస్కాంతాలు. ఒక్కో జతకు 0.34 నానోమీటర్ల చొప్పున డీఎన్ఏ పూర్తి పొడవు 2.72 మైక్రోమీటర్లు. నీటి అణువులు గుద్దుతుంటే బీడ్ పక్కలకు ఊగుతుంది. అయస్కాంతం ఎంత గట్టిగా లాగితే ఊగడం అంత తగ్గుతుంది. అందుకే ఊగిసలాట నుంచే బలం తెలుస్తుంది:

బలం = కేటీ × డీఎన్ఏ పొడవు ÷ ఊగిసలాట వేరియెన్స్

వేరియెన్స్ అంటే సగటు చోటు నుంచి బీడ్ జరిగిన దూరాల వర్గాల సగటు. కేటీ అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత, అంటే వేడి కుదుపుల శక్తి. గది ఉష్ణోగ్రత దగ్గర దాని విలువ 4.1 పికోన్యూటన్ నానోమీటర్లు. దీన్ని కంఠతా పట్టండి, ఈ రంగంలో రోజూ కావాలి. మే నెలలో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలున్నా అది 4.25 అవుతుంది, అంతే. ఆ తేడా గురించి టెన్షన్ పడకండి.

మీకిచ్చిన మూడు రికార్డింగులు ఇవి. మొదటిది: పొడవు 1.77 మైక్రోమీటర్లు, వేరియెన్స్ 34,000 చదరపు నానోమీటర్లు. రెండోది: 2.45, వేరియెన్స్ 3,270. మూడోది: 2.62, వేరియెన్స్ 270. సూత్రంలో వేస్తే వరసగా 0.21, 3.1, 40 వస్తాయి. అసలు బలాలు 0.2, 2, 10.

ముందు చిన్న పొరపాట్లు. కొందరు వేరియెన్స్ స్థానంలో స్టాండర్డ్ డీవియేషన్ (దాని వర్గమూలం) వేశారు. యూనిట్లు రాసుకుంటే ఇది వెంటనే దొరికిపోతుంది, ఇంతకన్నా చెప్పను. ఇంకొందరు డీఎన్ఏ పొడవు అన్నచోట ప్రతిసారీ 2.72 వేశారు. అక్కడ వేయాల్సింది పూర్తి పొడవు కాదు, ఆ క్షణాన గాజు నుంచి బీడ్ దాకా సాగి ఉన్న పొడవు. మరొకటి: అయస్కాంత క్షేత్రం ఉన్న దిశలో బీడ్ దొర్లలేదు కాబట్టి అక్కడ ఈ సూత్రం ఉన్నదున్నట్టు పనికొస్తుంది. దానికి అడ్డంగా ఉన్న దిశలో బీడ్ దొర్లగలదు. అక్కడ పొడవుకు బీడ్ వ్యాసార్థం, అంటే 0.5 మైక్రోమీటర్, కలపాలి. నేనైతే ఎప్పుడూ క్షేత్రం దిశలో ఉన్న కదలికనే లెక్కకు తీసుకుంటాను. రెండో దిశ సరిచూసుకోవడానికి ఉంచుకుంటాను.

ఇక అసలు సంగతి. డేటా ఫైల్ మొదటి వరుసలో ఇలా ఉంది: సెకనుకు 60 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ 16.7 మిల్లీసెకన్లు. ఆ రెండో అంకెను దాదాపు ఎవరూ వాడలేదు.

కెమెరా బీడ్ స్థానాన్ని ఒక క్షణంలో చూడదు. ఎక్స్‌పోజర్ కొనసాగినంతసేపూ బీడ్ తిరిగిన చోట్లన్నిటి సగటును ఒకే చుక్కగా ఇస్తుంది. జనవరిలో ఆదిలాబాద్ రోజువారీ సగటు ఉష్ణోగ్రతలు మాత్రమే చూసేవాడికి తెల్లవారుజాము వణుకూ తెలియదు, మధ్యాహ్నపు ఎండా తెలియదు. ఇక్కడా అంతే. సగటు తీస్తే ఊగిసలాట తగ్గినట్టు కనిపిస్తుంది. సూత్రంలో వేరియెన్స్ కింద ఉంది కాబట్టి బలం పెరిగినట్టు వస్తుంది.

ఎంత తగ్గుతుందనేది బీడ్ ఎంత త్వరగా వెనక్కి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సమయాన్ని టౌ అందాం. నీటి నిరోధాన్ని స్ప్రింగ్ గట్టిదనంతో భాగిస్తే టౌ వస్తుంది. ఇక్కడ స్ప్రింగ్ గట్టిదనం అంటే బలాన్ని పొడవుతో భాగిస్తే వచ్చేదే. ఈ బీడ్‌కు నీటిలో లెక్క వేస్తే 0.2 పికోన్యూటన్ల దగ్గర టౌ 83 మిల్లీసెకన్లు. 2 దగ్గర 11.5. 10 దగ్గర సుమారు 2.5. ఇప్పుడు మూడో రికార్డింగు చూడండి. ఒక్క ఫ్రేమ్ తీసేలోపు బీడ్ ఆరేడు టౌల కాలం అటూ ఇటూ తిరిగేసింది. 1,074 ఉండాల్సిన వేరియెన్స్ 270కి పడిపోయింది. నాలుగింతల తప్పు అక్కడే పుట్టింది. మొదటి రికార్డింగులో ఎక్స్‌పోజర్ టౌలో అయిదో వంతే కాబట్టి తప్పు ఏడు శాతంతో ఆగింది.

నన్ను నిజంగా బాధపెట్టినది ఈ తప్పు కాదు, దానికి మీలో కొందరు ఇచ్చిన వివరణ. రెండో రికార్డింగులో వచ్చిన 3.1ని వాడి డీఎన్ఏ పెర్సిస్టెన్స్ లెంగ్త్ (అది ఎంత బిరుసుగా ఉందో చెప్పే పొడవు) కడితే 33 నానోమీటర్లు వస్తుంది. మామూలు బఫర్‌లో (డీఎన్ఏని ఉంచే ఉప్పు ద్రావణంలో) అది 50కి దగ్గరగా ఉండాలి. "ఉప్పు ఎక్కువై డీఎన్ఏ మెత్తబడి ఉంటుంది" అని రాశారు. సోడియం ఎంత పెంచినా 45 దగ్గర ఆగుతుంది. 33కి దిగాలంటే స్పెర్మిడిన్ లాంటి ఎక్కువ ఆవేశం ఉన్న అయాన్లు కావాలి. మీ బఫర్ వివరాల్లో అలాంటిదేదీ లేదు. కొలబద్దను పరీక్షించకుండా అణువుకు కొత్త గుణం అంటగట్టడం ఒంటరి అణువుల పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. వేల కోట్ల అణువులున్న గొట్టంలో చేసే ప్రయోగంలో తప్పు సంఖ్యను ఇంకో పద్ధతితో పట్టుకోవచ్చు. ఇక్కడ మీ ముందున్నది ఒక్క అణువు. అది రేపటికి తెగిపోవచ్చు కూడా.

అదృష్టం కొద్దీ ఆ ఒక్క అణువు దగ్గరే సాక్ష్యం ఉంది. పొడవు కొలవడానికి సగటు స్థానం చాలు. ఎక్స్‌పోజర్ దాన్ని చెడగొట్టదు. బలం నిజంగా 40 అయితే ఈ డీఎన్ఏ పొడవు ఎంతుండాలో రెండో పాఠంలో కట్టాం: వంపులు దాదాపు పోయి, పైగా తీగలా కొంచెం సాగి, 2.77 మైక్రోమీటర్లు. అంటే పూర్తి పొడవును దాటాలి. మీ రికార్డింగులో ఉన్నది 2.62. అది 10 పికోన్యూటన్ల దగ్గర రావాల్సిన పొడవు. బలం, పొడవు రెండూ ఒకే మాట చెప్పేదాకా జీవశాస్త్రం మాట ఎత్తకండి. 1992లో స్మిత్, ఫింజీ, బుస్టమాంటే అయస్కాంత బీడ్లతో మొదటిసారి ఒక్క డీఎన్ఏ అణువు సాగుదలను కొలిచినప్పుడు ముందున్నది ఈ ప్రశ్నే: ఏ బలానికి ఎంత పొడవు? ఆ వక్రరేఖ ఇప్పుడు మన చేతిలో సిద్ధంగా ఉంది. దాన్ని వాడుకోకపోతే ఎలా?

ఇప్పుడు ఈ పాఠానికి పేరు తెచ్చిన గందరగోళం. "అయితే సెకనుకు వెయ్యి ఫ్రేముల కెమెరా కొనాలా?" అని చాలామంది అడిగారు. అక్కర్లేదు. ఫ్రేమ్ రేటు అంటే ఎంత తరచుగా చూస్తున్నారు అన్నది. ఎక్స్‌పోజర్ అంటే చూసిన ప్రతిసారీ ఎంతసేపు చూస్తున్నారు అన్నది. వేరియెన్స్‌ను చెడగొట్టేది రెండోదే. సెకనుకు పది ఫ్రేములే తీసినా, ఒక్కో ఫ్రేమ్ 0.2 మిల్లీసెకన్లే అయితే 10 పికోన్యూటన్ల దగ్గర వేరియెన్స్ మూడు శాతం లోపు తేడాతో సరిగ్గా వస్తుంది. అదే సెకనుకు 200 ఫ్రేములు తీస్తూ ప్రతి ఫ్రేమ్‌లో షట్టర్ పూర్తిగా 5 మిల్లీసెకన్లూ తెరిచి ఉంచితే, ఖరీదైన కెమెరా ఉండి కూడా వేరియెన్స్ సగానికి దగ్గరగా పడిపోతుంది. ఫ్రేమ్ రేటు పెంచినప్పుడు చాలా కెమెరాల్లో ఎక్స్‌పోజర్ తప్పనిసరిగా తగ్గుతుంది కాబట్టి ఫలితం మెరుగైనట్టు కనిపిస్తుంది. అందువల్లే ఈ రెండూ ఒకటేనన్న అపోహ స్థిరపడింది. మళ్లీ చెప్తున్నాను: ఫ్రేమ్ రేటుతో ఎక్కువ నమూనాలు వస్తాయి, ఎక్స్‌పోజర్‌తో నమూనా నిజాయితీ నిర్ణయమవుతుంది.

ఎక్స్‌పోజర్ తగ్గిస్తే బొమ్మ చీకటి పడుతుంది. నా సలహా కెమెరా మీద కాక ఎల్ఈడీ మీద ఖర్చు పెట్టమని. షట్టర్ తెరిచే ఉంచి, కాంతిని మాత్రం 0.2 మిల్లీసెకన్ల పల్స్‌గా ఇవ్వండి. కెమెరాకు ఎక్స్‌పోజర్ అంత తగ్గినట్టే.

నేను పాటించే హద్దు: ఎక్స్‌పోజర్ టౌలో పదో వంతుకు మించకూడదు. అప్పుడు తప్పు మూడు శాతం దగ్గర ఉంటుంది. అది కుదరని పాత రికార్డింగులకు సవరణ ఉంది. 2006లో వాంగ్, హాల్వర్సన్ ఆప్టికల్ ట్రాప్ (బీడ్‌ను కాంతితో పట్టి ఉంచే పరికరం) క్యాలిబ్రేషన్ కోసం దీన్ని వివరంగా రాశారు. ఎక్స్‌పోజర్‌ను టౌతో భాగిస్తే వచ్చేది ఆల్ఫా అనుకుంటే,

కనిపించే వేరియెన్స్ ÷ అసలు వేరియెన్స్ = 2/ఆల్ఫా − (2/ఆల్ఫా²) × (1 − ఇ^(−ఆల్ఫా))

ఇక్కడో చిక్కు: టౌ కావాలంటే బలం తెలియాలి, మనం వెతుకుతున్నదే బలం. కాబట్టి ఒక ఊహతో మొదలుపెట్టి మళ్లీ మళ్లీ సరిచేయాలి. మూడో రికార్డింగులో 40తో మొదలుపెడితే సవరణ తర్వాత 2.85 వస్తుంది. దాన్ని మళ్లీ వేస్తే 23 వస్తుంది. ఇలా చాలాసేపు అటూ ఇటూ కొట్టుకుంటుంది. నా అడ్డదారి: వేసిన బలాన్నీ వచ్చిన బలాన్నీ గుణించి వర్గమూలం తీయండి. 40, 2.85ల నుంచి 10.7 వస్తుంది. దాన్ని వేస్తే 9.5 వస్తుంది. ఈ రెండిటి లబ్ధానికి వర్గమూలం 10.1. రెండు అడుగుల్లో పని అయిపోయింది. ఎక్స్‌పోజర్ టౌ కన్నా చాలా ఎక్కువైనప్పుడు కనిపించే బలం అసలు బలం వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది, అందుకే వర్గమూలం పనిచేస్తుంది.

సవరణలో నీటి చిక్కదనం కూడా వస్తుందని గమనించారా? మొదటి సూత్రంలో అది లేదు, అదే ఆ సూత్రం అందం. 25 డిగ్రీల నుంచి 35కి వెళ్తే కేటీ పెద్దగా మారదు కానీ చిక్కదనం సుమారు ఐదో వంతు తగ్గుతుంది. గాజు దగ్గరగా ఉన్నందుకు నిరోధం మరో పది పదిహేను శాతం పెరుగుతుంది. నేను ఇక్కడ దాన్ని వదిలేశాను. సవరణ కన్నా చిన్న ఎక్స్‌పోజరే మేలని నేను పట్టుపట్టడానికి కారణం ఇదే.

తక్కువ బలం దగ్గర చిక్కు వేరు. అక్కడ టౌ పెద్దది, ఎక్స్‌పోజర్ గురించి ఆలోచించనక్కర్లేదు, కానీ ఎక్కువసేపు రికార్డు చేయాలి. వేరియెన్స్‌లో వచ్చే తేడా సుమారుగా (2 × టౌ ÷ మొత్తం సమయం) వర్గమూలం. 0.2 పికోన్యూటన్ల దగ్గర పది సెకన్లు తీస్తే 13 శాతం. అయిదు శాతం కావాలంటే నిమిషం దాటాలి. ఆ నిమిషంలో మైక్రోస్కోప్ స్టేజ్ (గాజును పెట్టే బల్ల) జరిగితే వేరియెన్స్ పెరిగి బలం తక్కువగా కనిపిస్తుంది. గాజుకు అతుక్కుపోయిన బీడ్‌ను ఒకదాన్ని పక్కన చూస్తూ, దాని జరుగుడును తీసివేయండి.

ఇక మెలికలు. 1996లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో స్ట్రిక్, బెన్‌సిమోన్, క్రొకెట్ బృందం చేసిన పద్ధతే. అయస్కాంతాలను తిప్పితే బీడ్ తిరుగుతుంది, డీఎన్ఏ మెలిపడుతుంది. 10.5 జతలకు ఒక చుట్టు కాబట్టి మన డీఎన్ఏలో సహజంగా 762 చుట్లున్నాయి. 0.2 పికోన్యూటన్ల దగ్గర ఎటు తిప్పినా డీఎన్ఏ తన చుట్టూ తానే చుట్టుకుని ముడి మెలికలు ఏర్పడి పొడవు తగ్గుతుంది. 2 దగ్గర విప్పే వైపు తిప్పితే పొడవు పెద్దగా మారదు, ఎందుకంటే డీఎన్ఏలోని రెండు పోగులు విడిపోతాయి. అదనంగా మెలిపెట్టే వైపు మాత్రం తగ్గుతుంది. ఎటు తిప్పినా, ఏ బలం దగ్గరా ఏమీ మారకపోతే ఒక పోగులో ఎక్కడో తెగుడు ఉంది. ఆ బీడ్‌ను వదిలేయండి. మొదటి అర చుట్టుకే పొడవు తటాలున పడితే బీడ్‌కు రెండు డీఎన్ఏలు తగులుకున్నాయి. దాన్నీ వదిలేయండి.

ముడి మెలికలో ఒక్కో చుట్టుకు పొడవు ఎంత తగ్గుతుందనేది బలాన్ని బట్టి మారుతుంది. బలం పెరిగితే తగ్గుదల చిన్నదవుతుంది. మెలికలు విప్పే ఎంజైమ్ టోపోఐసోమరేజ్ 2 ఒక్కో చర్యలో రెండు చుట్లు తీసేస్తుందని 2000లో ఒంటరి అణువు మీద చూపించినప్పుడు, ఆ అడుగు పొడవును చుట్లలోకి మార్చింది ఈ సంబంధమే. ఆ పని ఆరో పాఠంలో.

అభ్యాసం. ఈసారి డేటా ఇవ్వను, మీరే తయారుచేయండి. స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి గడిలో సున్నా. తర్వాతి ప్రతి గడి: పై గడి × 0.959 + 9.3 × సగటు సున్నా, స్టాండర్డ్ డీవియేషన్ 1 ఉన్న యాదృచ్ఛిక సంఖ్య. ఒక్కో వరుస 0.1 మిల్లీసెకన్. 60,000 వరుసలు. ఇది 10 పికోన్యూటన్ల దగ్గర మన బీడ్. మొత్తం వరుసల వేరియెన్స్ 1,070 దగ్గర రావాలి. తర్వాత 167 వరుసలకొక సగటు తీసి ఆ సగటుల వేరియెన్స్ కట్టండి, 270 దగ్గర రావాలి. ఇప్పుడు 167 వరుసలకొకసారి రెండేసి వరుసల సగటు మాత్రమే తీసుకుని మళ్లీ కట్టండి. ఫ్రేమ్ రేటు మారలేదు, ఎక్స్‌పోజర్ మాత్రమే మారింది. మూడు వేరియెన్సులూ, వాటి నుంచి వచ్చే మూడు బలాలూ పంపండి. అదే పనిని క్షేత్రానికి అడ్డంగా ఉన్న దిశకు కూడా చేయండి. దానికి 0.959 స్థానంలో ఏ సంఖ్య వేయాలో మీరే కట్టుకోవాలి.