లడఖ్‌కి సైకిల్ మీద వెళ్లాలంటే ఎలా సిద్ధం కావాలి? మొదట వెనక చక్రం చూసుకోండి

ఎండాకాలం వచ్చేసరికి మన విజయనగరంలో ఎవరో ఒకరు "ఈసారి లడఖ్ సైకిల్ మీదే" అంటారు. మంచిదే. తీరా వాళ్లు కొన్నవి చూస్తే జాకెట్టు, కెమెరా, కళ్లద్దాలు. సైకిల్ మాత్రం షెడ్డులోంచి తీసింది తీసినట్టే ఉంటుంది. కొండలూ ఎడారీ ఒకే దారిలో తగిలే చోటుకి వెళ్లేవాళ్లు టైం దేని మీద పెట్టాలో, దేన్ని పది నిమిషాల్లో తేల్చేయొచ్చో చెప్తాను.

దారి, నెల

లేహ్‌కి ముఖ్యమైన రోడ్లు రెండు. పేర్లలో "లా" అంటే కనుమ. మనాలి రోడ్డులో బారాలాచా లా 4,890 మీటర్లు, లాచులుంగ్ లా 5,059, తంగ్‌లాంగ్ లా 5,328. శ్రీనగర్ రోడ్డులో అన్నిటికంటే ఎత్తు ఫోటు లా, 4,108 మీటర్లు. ఊళ్లు కూడా దగ్గర దగ్గరగా తగులుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు శ్రీనగర్ వైపు నుంచే వెళ్లాలి. మనాలి రోడ్డంటే మోజు ఉంటే రెండోసారి చూసుకోండి. లేహ్ నుంచి 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా ఎక్కి దిగితే నుబ్రా లోయ. అక్కడ హుందర్ దగ్గర ఇసుక దిబ్బలు, రెండు మూపురాల ఒంటెలు. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. బంగాళాఖాతంలో ఒక్క వాయుగుండం పుడితే మనకి ఆపాటి వాన ఒక్క రోజులో పడిపోతుంది.

నెల సెప్టెంబరు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు రోడ్డు మీదకి వచ్చేస్తాయి. అప్పుడే వెళ్లక తప్పదంటే వాగులున్న చోట్లు పొద్దున్నే దాటేయండి.

సైకిల్

ఖరీదైనది అక్కర్లేదు. స్టీల్ ఫ్రేము, వెనక క్యారియర్ బిగించడానికి బోల్టు రంధ్రాలు, 1.75 నుంచి 2 అంగుళాల టైర్లు. ముందున్న అన్నిటికంటే చిన్న పళ్లచక్రం కంటే, వెనకున్న అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం పెద్దదిగా ఉండాలి. ముందు 22 పళ్లు, వెనక 34 ఉంటే సామానుతో కూడా కూర్చునే ఎక్కొచ్చు. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేసి, ఒక జత విడిగా పెట్టుకోండి. చైనుకి డ్రై లూబ్ (దుమ్ము అంటని పల్చటి ఆయిల్) వాడండి. మన తేమగాలికి పనికొచ్చే చిక్కటి ఆయిల్ అక్కడి దుమ్ములో బురదైపోతుంది. ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్టు, పంపు. సైకిల్ సంగతి ఇంతే.

వెనక చక్రం

ఇక్కడ మాత్రం తొందరపడకండి. యాత్ర మధ్యలో సైకిల్‌ని లారీ ఎక్కించుకుని వచ్చేవాళ్లలో చాలామందికి ఫ్రేము విరగదు, టైరు పోదు. వెనక చువ్వ తెగుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కవాటి మీద పడి, సాయంత్రానికి రెండోదీ తెగుతుంది.

బిగుతు ఎక్కువైతే చువ్వ తెగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువగా తెగేది వదులుగా ఉన్నదే. చక్రం తిరుగుతున్నప్పుడు కిందికి వచ్చిన చువ్వ మీద లాగుడు తగ్గుతుంది, పైకి పోగానే మళ్లీ పెరుగుతుంది. బిగుతుగా ఉన్నదానికి ఈ తేడా లెక్కలోది కాదు. వదులుగా ఉన్నది మాత్రం ప్రతి చుట్టుకీ సడలి, బిగిసి, హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గర వంపు తిరిగిన చోట అలిసిపోయి తెగుతుంది. వెనక క్యారియర్ మీద పదిహేను కిలోలు వేశాక ఈ పని ఇంకా త్వరగా అవుతుంది.

షాపులో "బెండు తీయి" అంటే కుర్రాడు చక్రం తిప్పి, ఊగిన చోట రెండు చువ్వలు బిగించి, పది నిమిషాల్లో ఇచ్చేస్తాడు. చక్రం చక్కగా తిరుగుతుంది కూడా. కానీ ఆ రెండూ బిర్రుగా, వాటి పక్కవి వదులుగా మిగిలిపోతాయి. అంటే బెండు పోయింది, చక్రం బలహీనపడింది. అందుకే ఈ ఒక్క పనీ మీరే చేసుకోండి, లేకపోతే దగ్గరుండి చేయించండి.

సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, కుడివైపు చువ్వలను ఒక్కొక్కటే గోటితో మీటండి. బొబ్బిలి వీణ తీగెలు సరిచూసినట్టే, ఇక్కడా చెవినే నమ్మాలి. కుడివైపువన్నీ దాదాపు ఒకే స్థాయిలో పలకాలి. తర్వాత ఎడమవైపు. అవి కొంచెం తగ్గు స్థాయిలో పలుకుతాయి, అది తప్పు కాదు. గేర్లకి చోటివ్వడానికి హబ్ కుడి అంచు లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి కుడి చువ్వలు ఎప్పుడూ ఎక్కువ బిగుతు. ఈ సంగతి తెలియక రెండు వైపులా ఒకే శబ్దం రావాలని బిగిస్తే రిమ్ము పక్కకి పోతుంది. కుడిని కుడితో, ఎడమని ఎడమతోనే పోల్చండి.

"టింగ్" అనాల్సిన చోట "టప్" అన్నదాన్ని చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. నిపిల్ (రిమ్ము దగ్గర చువ్వని పట్టుకునే చిన్న నట్టు) మీద ఒక చుక్క ఆయిల్ వేసి, సరైన సైజు స్పోక్ కీతో పావు చుట్టు తిప్పండి. పావు అంటే పావే. టైరు వైపు నుంచి స్క్రూడ్రైవర్ పెట్టినట్టు ఊహించుకుంటే, గడియారం ముల్లు తిరిగే వైపు బిగుతుంది. హబ్ వైపు నుంచి చూస్తే ఇది తిరగబడినట్టు కనిపిస్తుంది. చాలామంది బిగించబోయి వదులు చేసేది ఇక్కడే. రిమ్ము ఎడమకి ఊగితే ఆ చోట కుడి చువ్వని పావు బిగించి, పక్కనున్న ఎడమదాన్ని పావు వదలండి. మళ్లీ తిప్పి చూడండి, మళ్లీ మీటండి.

శబ్దమూ తిప్పుడూ రెండూ కుదిరాక, చేతికి గ్లవ్ వేసుకుని ఒకే వైపున్న చువ్వలను రెండేసి చొప్పున గట్టిగా పిసకండి. చక్రం చుట్టూ, రెండు వైపులా. కొన్ని చిటపటలాడతాయి. మెలిపడ్డవి సర్దుకుంటున్నాయన్నమాట. దీంతో బెండు కొంచెం మళ్లీ వస్తుంది, మళ్లీ తీయండి. షాపుల్లో ఎవరూ చేయని పని ఇదే. బిగుతు కొలవడానికి ఫోన్ యాప్‌లూ టెన్షన్ మీటర్లూ ఉన్నాయంటారు గానీ, గోరూ చెవీ చాలు.

విడి చువ్వలు మూడు కొలతలవి కావాలి: ముందు చక్రానివి, వెనక కుడివి, వెనక ఎడమవి. వాటిని ఫ్రేముకి టేపుతో చుట్టేయండి. వెనక కుడి చువ్వ తెగితే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) విప్పకుండా కొత్తది ఎక్కదు. దాన్ని విప్పే టూలు లేకుండా చువ్వలు మోసుకెళ్లి లాభం లేదు.

ప్రాక్టీసు

పూర్తి సామానుతో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కండి, లేదా ఎస్.కోట నుంచి అనంతగిరి. భీమిలి బీచ్ రోడ్డు ప్రాక్టీసు కాదు, షికారు. లేహ్ నుంచి ఖర్దుంగ్ లా దాకా సుమారు 40 కి.మీ.ల్లో 1,800 మీటర్లకి పైనే ఎక్కాలి. ఘాట్ దిగి ఇంటికి రాగానే వెనక చక్రం మళ్లీ మీటి చూడండి. బరువు మోశాక ఒకటో రెండో వదులవుతాయి.

ఎత్తు

మన ఘాట్లలో కాళ్లకి ప్రాక్టీసు వస్తుంది, ఊపిరికి రాదు. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో సుమారు సగమే. 3,000 మీటర్లు దాటాక, ముందురోజు పడుకున్న చోటికంటే 500 మీటర్లకి మించి ఎత్తులో పడుకోవద్దు. మూడు నాలుగు రోజులకొకసారి పైకి ఎక్కకుండా ఒక రోజు ఆగిపోండి. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంక ఎక్కకండి. నడుస్తుంటే తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే బండి ఎక్కి కిందికి దిగాల్సిందే. మాత్రల సంగతి డాక్టర్నే అడగండి. మనాలి రోడ్డులో నాకు నచ్చనిదీ ఇదే. 4,290 మీటర్ల సార్చూలో ఒంట్లో బాగోలేకపోతే, ఏ వైపు దిగాలన్నా ముందు ఒక కనుమ ఎక్కాలి.

తిండి, డబ్బు

పలాస జీడిపప్పు, సున్నుండలు, చోడి పిండి. బరువు తక్కువ, బలం ఎక్కువ. నాలుగు లీటర్ల నీళ్లకి సీసాలుండాలి. నోట్లు దగ్గర పెట్టుకోండి, ప్రతి ఊళ్లోనూ ఏటీఎం ఉండదు. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉంటే మంచిది.

రైలు

సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కితే ఢిల్లీలో దింపుతుంది. సైకిల్‌ని పార్సిల్ ఆఫీసులో ముందురోజే బుక్ చేయండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పి, టైర్లలో గాలి సగం తీసి, అట్టపెట్టెలో పెట్టండి. చువ్వల మధ్యకి మరో పెట్టె మూల దూరకుండా వెనక చక్రానికి రెండు వైపులా అట్టముక్కలు కట్టండి. పెడళ్లలో ఎడమదానికి మర తిరగబడి ఉంటుంది. విప్పేటప్పుడు బలం చూపించకండి.