ఒహాయోలో ఐఈపీ, ఆ తర్వాత స్కాలర్‌షిప్: ఒక అమ్మ చెప్పే క్రమం

మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు ప్రీస్కూల్ టీచరును నోటిమాటగా అడిగాను, "వీడికి మాటలు సరిగ్గా రావడం లేదు, ఒకసారి పరీక్ష చేయిస్తారా" అని. ఆవిడ ఆప్యాయంగానే "చూద్దాం" అంది. చూస్తూ చూస్తూ ఐదు నెలలు గడిచిపోయాయి. నేను ఎప్పుడు అడిగానో చూపించడానికి నా దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. మీరు ఆ ఐదు నెలలు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. ఐఈపీ అంటే, వైకల్యం ఉన్న బిడ్డకు ఏ సేవలు, ఎలా అందించాలో స్కూలు రాసిచ్చే ప్రణాళిక. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో అది ఎలా వస్తుందో, ఆ తర్వాత స్కాలర్‌షిప్ ఎలాగో వరసగా చెబుతాను.

మొదట ఈమెయిల్ పెట్టండి. టీచరుకు మాత్రమే కాదు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (మీ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలో) స్పెషల్ ఎడ్యుకేషన్ చూసే డైరెక్టరుకు పంపి, ప్రిన్సిపల్‌ను కాపీలో పెట్టండి. "మా బిడ్డకు వైకల్యం ఉందేమోనని అనుమానంగా ఉంది, పూర్తి ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను" అన్నంత రాస్తే చాలు. అందిన 30 రోజుల్లోపు డిస్ట్రిక్ట్ మీ సమ్మతి కోసం పీఆర్-05 అనే ఫారం ఇవ్వాలి, లేదా ఎందుకు చేయడం లేదో కారణాలతో పీఆర్-01 ఇవ్వాలి. మీరు పీఆర్-05 మీద సంతకం పెట్టాక ఎవాల్యుయేషన్‌కు 60 రోజుల గడువు. మేము ఆ ఫారాన్ని వారం రోజులు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాం. ఆ వారం మేము చేజేతులా పోగొట్టుకున్నదే.

ఎవాల్యుయేషన్ ఫలితం ఈటీఆర్ అనే రిపోర్టుగా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. అందులో ఏ వైకల్య వర్గం రాస్తారన్నదాని మీద తర్వాత చాలా ఆధారపడి ఉంటుంది. మన ఇళ్లలో "ఆటిజం" అన్న మాట కాగితం మీద పడితే నలుగురూ ఏమనుకుంటారోనని భయం. మేమూ భయపడ్డాం. "స్పీచ్ అని రాస్తే సరిపోతుంది కదండీ" అని మేమే అడిగాం. దాంతో ఐఈపీ స్పీచ్ థెరపీ దగ్గరే ఆగిపోయింది. వాడికి నిజంగా కావలసిన ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపీ) అందులోకి రాలేదు. తర్వాత మళ్లీ ఎవాల్యుయేషన్ అడిగి సరిచేయించుకోవాల్సి వచ్చింది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప, ఏడాదికి ఒకసారికి మించి అది జరగదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ రిపోర్టు చుట్టాలు చదివేది కాదు.

ఈటీఆర్ తప్పని మీకు అనిపిస్తే, డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణులతో స్వతంత్ర ఎవాల్యుయేషన్ చేయించమని రాసి అడగవచ్చు. అప్పుడు డిస్ట్రిక్ట్ ఆ ఖర్చు భరించాలి, లేదా తన రిపోర్టు సరైనదేనని నిరూపించుకోవడానికి డ్యూ ప్రాసెస్ విచారణకు (నిష్పాక్షిక అధికారి ముందు జరిగే విచారణకు) వెళ్లాలి.

బిడ్డకు అర్హత తేలాక 30 రోజుల్లోపు ఐఈపీ సమావేశం జరగాలి. ఆ టేబుల్ దగ్గర డిస్ట్రిక్ట్ ప్రతినిధి ఉంటారు. డిస్ట్రిక్ట్‌కు ఏ వనరులు ఉన్నాయో తెలిసిన మనిషి అయి ఉండాలని చట్టం చెబుతుంది. అందుకే "బడ్జెట్ లేదు, పైవాళ్లను అడగాలి" అంటే మెత్తగానే, "మరి ఈ టేబుల్ దగ్గర ప్రతినిధి ఎవరండీ?" అని అడగండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుభాషిని ఏర్పాటు చేయాల్సిన బాధ్యత వాళ్లదే. ముందే చెప్పి ఉంచండి. నేను మా ఆడపడుచును తోడు తీసుకెళ్లాను. ఆమె నోట్స్ రాసింది, నేను మాట్లాడాను.

గొడవ వస్తే చాలామంది స్కూల్ బోర్డు మీటింగుకు పరుగెత్తుతారు. బోర్డు మనం ఓటేసి ఎన్నుకున్నదే. సూపరింటెండెంటునూ, ట్రెజరరునూ నియమించేది అదే. కానీ మీ బిడ్డ ఐఈపీ మార్చేది బోర్డు కాదు. ముందు డైరెక్టరు, తర్వాత సూపరింటెండెంటు. అక్కడా తేలకపోతే రాష్ట్ర విద్యాశాఖకు రాతపూర్వక ఫిర్యాదు చేయవచ్చు. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు అది ఇవ్వాలి, మామూలుగా 60 రోజుల్లో తీర్పు చెబుతారు. ఉచిత మధ్యవర్తిత్వం కూడా ఉంది.

ఇక స్కాలర్‌షిప్. అంటే, బిడ్డకు ప్రైవేటుగా చదువు, థెరపీ ఇప్పించుకోవడానికి రాష్ట్రం ఇచ్చే డబ్బు. వైకల్యం ఉన్న పిల్లల కోసం ఒహాయోలో రెండున్నాయి. ఆటిజం స్కాలర్‌షిప్ మూడేళ్ల వయసు నుంచే దొరుకుతుంది. జాన్ పీటర్సన్ స్పెషల్ నీడ్స్ స్కాలర్‌షిప్ కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి వరకు, వైకల్యాలను ఆరు వర్గాలుగా విడదీసి ఇస్తారు. స్పీచ్ మాత్రమే ఉంటే అన్నిటికంటే తక్కువ మొత్తం, ఆటిజం ఉంటే పై వర్గం. ఈటీఆర్ గురించి అంతగా ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఐఈపీ మీద వివాదం నడుస్తుంటే స్కాలర్‌షిప్ రాదు కాబట్టి ముందు ఆ కాగితం సరిచేసుకోవాలి. దరఖాస్తు రాష్ట్రం ఆమోదించిన ప్రొవైడరు (ఆ చదువు, థెరపీ అందించే ప్రైవేటు స్కూలు లేదా సెంటరు) ద్వారానే వెళుతుంది.

సంతకం పెట్టే ముందు ఒక రాత్రి కూర్చుని ఆలోచించండి. స్కాలర్‌షిప్ తీసుకున్నన్నాళ్లూ, మీ బిడ్డకు తగిన చదువు ఉచితంగా అందించాల్సిన బాధ్యత డిస్ట్రిక్ట్ మీద ఉండదు. ఐఈపీని ఏటా సమీక్షించడం, మూడేళ్లకోసారి మళ్లీ ఎవాల్యుయేషన్ చేయడం మాత్రం వాళ్ల పనే. ప్రైవేటు సెంటరు చెప్పినంత చేయకపోతే, డిస్ట్రిక్ట్‌తో పోరాడినట్టు పోరాడలేరు. అందుకని ప్రొవైడరును ఇవి అడిగి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి: ఫీజు స్కాలర్‌షిప్‌ను మించితే మిగతాది ఎవరు కట్టాలి, థెరపిస్టు మానేస్తే ఎన్ని రోజుల్లో కొత్తవారు వస్తారు, ప్రగతి రిపోర్టు ఎప్పుడెప్పుడు ఇస్తారు, రాకపోకల సంగతేమిటి. మాకు రానూపోనూ గంటన్నర డ్రైవ్ పడింది. దానికి నా ఉద్యోగ వేళలు మార్చుకోవాల్సి వచ్చింది.

నచ్చకపోతే తిరిగి డిస్ట్రిక్ట్ స్కూలుకు రావచ్చు. అప్పుడు ఆ బాధ్యత మళ్లీ వాళ్లదే అవుతుంది. మేము రెండేళ్ల తర్వాత అలాగే వెనక్కి వచ్చాం. ఆ రోజు కూడా మొదటి పని డైరెక్టరుకు ఈమెయిల్ పెట్టడమే.