మంచుగడ్డలు, మబ్బు వెలుతురు: డైమండ్ బీచ్‌లో ఫొటో తీయడం, తీశాక బాగుందో లేదో తేల్చుకోవడం

ఐస్‌లాండ్ ఆగ్నేయ తీరంలో యోకుల్సార్లోన్ అనే సరస్సు ఉంది. హిమానీనదం నుంచి విరిగిపడ్డ మంచుగడ్డలు అందులో తేలుతూ వచ్చి, దేశాన్ని చుట్టివచ్చే హైవే అయిన రింగ్ రోడ్డు వంతెన కింద నుంచి సముద్రంలోకి పోతాయి, అలలు వాటిలో కొన్నింటిని మళ్లీ నల్ల ఇసుక మీదికి తోసేస్తాయి. ఆ ఒడ్డుకే డైమండ్ బీచ్ అని పేరు. అక్కడ దిగగానే కనిపించిన గడ్డలన్నీ ఫ్రేములో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఒక్కదాన్ని ఎంచుకోండి, దాని చుట్టూ నాలుగు వైపులా తిరగండి, వెలుగు వెనక నుంచి దూరి లోపల మెరిసే చోట ఆగండి. గడ్డ కొన సముద్రం, ఆకాశం కలిసే గీతను సరిగ్గా తాకి ఆగిందంటే ఫొటో ఇరుకుగా అనిపిస్తుంది, కాబట్టి కెమెరాను కాస్త పైకో కిందికో జరిపి, కొన ఆ గీతను బాగా దాటేలాగో, లేదా దానికి కిందే ఉండేలాగో చూసుకోండి.

మబ్బు పట్టిందని దిగులు పడొద్దు. గట్టి మంచు ఎరుపు కాంతిని పీల్చుకుని నీలాన్ని బయటికి పంపుతుంది. నేరుగా పడే ఎండలో పైమెరుపు ఆ నీలాన్ని కప్పేస్తుంది, మబ్బులో అది చక్కగా బయటపడుతుంది. తడి మెరుపు ఇంకా ఉంటే పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పి చూడండి.

షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: అర సెకను నుంచి ఒక సెకను చాలు, అదీ అల వచ్చేటప్పుడు కాదు, వెనక్కి పోవడం మొదలైన క్షణంలో నొక్కాలి, అప్పుడే నురగ గడ్డ చుట్టూ తెల్లటి గీతలుగా సాగుతుంది. ముప్పై సెకన్లు పెడితే అంతా పొగలా అయిపోయి అల బలం కనిపించదు. సరస్సులోనైతే నీళ్లు నిలకడగా ఉన్నా గడ్డలు కదులుతుంటాయి, ఎక్కువసేపు తెరిస్తే మంచే మసకబారుతుంది. ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి బాగా దిగేలా నొక్కండి. సముద్రానికి మాత్రం ఎప్పుడూ వీపు పెట్టొద్దు, అక్కడ పెద్ద అల చెప్పి రాదు.

మంచు అంటే ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుగు) పెంచమని అందరూ చెప్తారు. తెల్లటి మంచు మైదానంలో అది నిజమే. ఇక్కడ ఫ్రేము నిండా నల్ల ఇసుక ఉంటే కెమెరా దాన్ని వెలిగించబోయి మంచును వివరాలేమీ లేని తెల్ల మచ్చ చేసేస్తుంది, అప్పుడు తగ్గించాల్సి వస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్) కుడి అంచుకు ఒత్తుకుపోకుండా చూస్తూ తీయండి.

ఇంటికొచ్చాక, ముందు ఫొటోను అగ్గిపెట్టంత చేసి చూడండి. ఆ సైజులోనూ కన్ను నేరుగా గడ్డ మీదికే వెళ్లాలి. తర్వాత రంగు తీసేయండి. నలుపు తెలుపులో ఏమీ మిగల్లేదంటే ఆ నీలం తప్ప ఫొటోలో ఇంకేం లేదన్నమాట. పగటి వెలుతురులో తీసినదైతే నురగ చూడండి, అది కూడా నీలంగా ఉంటే ఎడిటింగ్‌లో చెయ్యి ఎక్కువ పడింది. గంభీరంగా కనపడాలని మొత్తం చీకటి చేసేవాళ్లు చాలామంది, నాకు అది అస్సలు నచ్చదు. ఇసుకలో రేణువులు, తడి జాడలు కనిపిస్తూనే ఉండాలి, వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసేవాళ్లకు తెలియాలి. అంచుల్లో సగం తెగిన గడ్డలుంటే కత్తిరించండి. ఒకేలాంటివి పది ఉంటే, గడ్డ అడుగుభాగం నురగలో మునిగిపోకుండా ఇసుకను ఆనుకుని స్పష్టంగా కనిపించేదాన్ని ఉంచుకోండి.