పాత కంప్యూటర్ గుమ్మం దాటే ముందు: విశాఖవాసులు చేయాల్సిన పనులు

తుక్కు కొట్లో కంప్యూటర్‌ను కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొంటారు. ఆ బరువులో హార్డ్ డిస్కు వంతు ముప్పాతిక కిలో కూడా ఉండదు. కానీ ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు ఉండేది అందులోనే. అందుకే ముందు డిస్కు సంగతి తేల్చాలి, పెట్టె సంగతి ఆ తర్వాత.

తేల్చేదేదో త్వరగా తేల్చండి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు లాంటి చోట్ల సముద్రపు గాలిలోని ఉప్పూ తేమా అటకెక్కించిన మిషన్‌నీ వదలవు. కనెక్టర్లకు, బోర్డుకు తుప్పు పడుతుంది. నాలుగేళ్ల తర్వాత దించితే డిస్కు తిరగకపోవచ్చు. తిరగని డిస్కును సాఫ్ట్‌వేర్‌తో చెరపలేం. అలాగని డేటా పోయినట్టూ కాదు, డిస్కు లోపల తిరిగే గుండ్రటి పళ్లేల మీద అలాగే ఉంటుంది, బోర్డు మార్చి చదివేవాళ్లున్నారు.

నిజంగా పారేయాలా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కి పనికిరాని మిషన్లు చాలా ఉన్నాయి. వాటిలో ర్యామ్ 8 జీబీకి పెంచి, హార్డ్ డిస్కుకు బదులు మెమరీ చిప్పులతో పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే పిల్లల చదువుకు ఇంకొన్నేళ్లు నడుస్తాయి. బడికి ఇస్తే ఛార్జర్‌తో సహా, పనిచేస్తుందని చూసుకుని ఇవ్వండి. చెడిపోయినది ఇస్తే మన చెత్తను వాళ్ల గదిలో పెట్టడమే అవుతుంది.

చెరిపే ముందు

కావలసిన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. వ్యాపారస్తులైతే జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలి, కాబట్టి ట్యాలీ డేటాకు రెండు కాపీలు తీయండి. ట్యాలీ లైసెన్సును పాత మిషన్‌లో, ఇంటర్నెట్ ఉండగానే సరెండర్ చేయండి. అది మరిచి డిస్కు చెరిపేస్తే కొత్త మిషన్‌లో యాక్టివేట్ చేసేటప్పుడు చిక్కొస్తుంది. యూఎస్‌బీ పోర్టులో డిజిటల్ సంతకం టోకెన్ ఉండిపోయిందేమో చూడండి. మ్యాక్ అయితే, పోయిన మిషన్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతా నుంచి బయటికి రండి. లేదంటే తర్వాత వాడేవాళ్లకు అది తెరుచుకోదు.

హార్డ్ డిస్కు ఒక రకం, ఎస్‌ఎస్‌డీ మరో రకం

డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా హార్డ్ డిస్కులో పోయేది ఫైలు జాడే, అసలు రాత కాదు. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్లు చాలా ఫైళ్లను వెనక్కి తెస్తాయి.

మిషన్ ఆన్ అవుతుంటే తేలిక దారి విండోస్‌లోనే ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి, విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీలోకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ నొక్కి, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. అక్కడితో ఆగితే పని సగమే అయినట్టు. ఛేంజ్ సెట్టింగ్స్ తెరిచి క్లీన్ డేటా ఆన్ చేయండి. దాని పక్కనే అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసేయాలా అన్న ప్రశ్న ఉంటుంది, దాన్ని కూడా ఆన్ చేయండి. మన దగ్గర చాలా కంప్యూటర్లకు కొట్లోనే సి, డి, ఇ అని భాగాలు చేసి ఇస్తారు. ఫొటోలు, సర్టిఫికెట్లు డి డ్రైవ్‌లోనే దాచుకుంటాం. ఈ రెండోది వదిలేస్తే సి మాత్రమే శుభ్రమై, డి, ఇ చెక్కుచెదరకుండా తుక్కు కొట్టుకు పోతాయి. జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మిషన్ ఆన్ కాకపోయినా డిస్కు బాగుంటే, దాన్ని ఊడదీసి సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కు కలపండి. 3.5 అంగుళాల డిస్కుకు విడిగా 12 వోల్టుల అడాప్టర్ కావాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే టూల్ నడిపి, లిస్ట్ డిస్క్ అని కొట్టి, సైజు చూసి మీ డిస్కు నంబరు పోల్చుకోండి. సెలెక్ట్ డిస్క్ తర్వాత ఆ నంబరు కొట్టి, చివరగా క్లీన్ ఆల్ కొట్టండి. ఉత్త క్లీన్ చాలదు, అది సి, డి లాంటి విభజనల పట్టికనే తీసేస్తుంది. క్లీన్ ఆల్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. హార్డ్ డిస్కుకు ఒక్కసారి రాస్తే చాలు, ఏడుసార్లు అన్నది పాతకాలపు మాట. 1 టీబీకి రెండు మూడు గంటలు పడుతుంది. యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే 500 జీబీకే నాలుగు గంటలు దాటుతుంది. నంబరు తప్పు కొడితే మీరు వాడుకుంటున్న డిస్కే ఖాళీ అవుతుంది, కాబట్టి అక్కర్లేని పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు ముందే తీసేయండి.

ఎస్‌ఎస్‌డీ విషయంలో ఈ పద్ధతిని నమ్ముకోకూడదు. అరుగుదల సమంగా ఉండాలని అది ఒకే చోట పదే పదే రాయదు, కొంత చోటును విడిగా అట్టిపెట్టుకుంటుంది. మనం రాసే సున్నాలు ఆ చోటుకు చేరవు. తయారీ కంపెనీ ఇచ్చే టూల్‌లో గానీ బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెటప్‌లో) గానీ సెక్యూర్ ఎరేజ్ లేదా శానిటైజ్ ఉంటుంది, అదే వాడండి. డ్రైవ్ ఫ్రోజెన్ (చెరపనివ్వకుండా లాక్ అయింది) అని చూపిస్తే కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు వదులుతుంది.

ఏ దారీ పనిచేయకపోతే విరగ్గొట్టడమే. 3.5 అంగుళాల డిస్కుకు డ్రిల్లుతో పళ్లేల గుండా మూడు నాలుగు చిల్లులు వేయండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటి పళ్లేలు గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతాయి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, మందపాటి గుడ్డలో చుట్టి కొట్టండి. ఎస్‌ఎస్‌డీలో ప్రతి మెమరీ చిప్పూ విరగాలి, ఒక్కటి మిగిలినా లాభం లేదు. అయస్కాంతం ఎస్‌ఎస్‌డీని ఏమీ చేయదు. ఏదీ కాల్చకండి, ఆ పొగ విషం. ముక్కలు కూడా ఈ-వ్యర్థాలతోనే పోవాలి.

జిరాక్స్ కొట్లు, నెట్ సెంటర్ల వాళ్లకు ఇంకాస్త బాధ్యత ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వందల మంది ఆధార్‌లు పేరుకుపోయి ఉంటాయి. పెద్ద కాపీయర్ మిషన్లు చాలావాటిలోనూ హార్డ్ డిస్కు ఉంటుంది. మిషన్‌ను లీజు కంపెనీకి తిప్పి పంపే ముందు అడ్మిన్ మెనూలో డిస్కు చెరిపే ఆప్షన్ నడపండి, లేదా డిస్కు తీసి ఉంచుకునేందుకు ముందే ఒప్పందం రాసుకోండి.

బ్యాటరీ, మానిటర్

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. దగ్గర్లో మండేవేవీ లేకుండా, నీడలో ఇనప డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో ఉంచండి. బాగున్న బ్యాటరీలైతే టెర్మినళ్లకు టేపు వేయండి. కొరియర్‌లో పంపకండి. వీధిలోకి వచ్చే జీవీఎంసీ చెత్త బండిలో అసలు వేయకండి. చెత్తను నొక్కేటప్పుడు బ్యాటరీ చితికి అంటుకుంటే ముందు ప్రమాదం ఆ కార్మికులకే. యూపీఎస్‌లోని సీసం బ్యాటరీని మాత్రం కొత్తది కొనేటప్పుడు పాతదానికి ధర కట్టించుకుని ఇచ్చేయండి.

పాత లావు మానిటర్ గాజులో సీసం ఉంటుంది, వెనక గొట్టం పెళుసు. తెర కిందికి వచ్చేలా దుప్పటి మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. రాగి కోసం దాన్ని పగలగొట్టే చోట ఇవ్వకండి. తొలినాళ్ల ఎల్‌సీడీల్లో సన్నటి పాదరసం దీపాలుంటాయి, వాటినీ విప్పొద్దు.

ఎవరికి ఇవ్వాలి, ఏం అడగాలి

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, అమ్మిన సరుకు పాతబడ్డాక రీసైక్లింగ్‌కు చేర్పించే బాధ్యత తయారీ కంపెనీలదే. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీల భారతీయ వెబ్‌సైట్లలో పాతవి తిరిగి తీసుకునే పేజీ ఉంటుంది. మోడల్, సీరియల్ నంబర్లు పట్టుకుని అక్కడ మొదలుపెట్టండి. కుదరకపోతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రీసైక్లర్ల జాబితా చూడండి. నమోదు ఉందని నోటిమాటగా చెప్తే సరిపోదు. పేరు, చిరునామా, గడువు తేదీ జాబితాతో సరిపోవాలి. ఇంటికి వచ్చి తీసుకెళ్లేవాళ్లు సేకరించేవాళ్లే కావచ్చు, సరుకు చివరికి ఏ రీసైక్లర్ దగ్గరికి వెళ్తుందో పేరు అడగండి. కొత్తది కొంటూ పాతది ఎక్స్‌ఛేంజ్ ఇస్తున్నా ఇదే ప్రశ్న వేయండి.

ఇంటి కంప్యూటర్‌ను డిస్కు లేకుండా ఇస్తే వచ్చే ధర కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. రసీదులో తేదీ, మిషన్ సీరియల్ నంబరు, డిస్కు లేకుండా అందిందన్న మాట రాయించండి. ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలైతే ప్రతి డిస్కు సీరియల్ నంబరూ పంపకముందే రాసి పెట్టుకుని, డేటా ధ్వంసం చేసినట్టు రీసైక్లర్ ఇచ్చే సర్టిఫికెట్‌లోని నంబర్లతో ఒక్కొక్కటే సరిచూడండి. యాభై పంపితే సర్టిఫికెట్‌లో నలభై తొమ్మిదే కనిపిస్తే, ఆ ఒక్క డిస్కు ఎక్కడుందో తేలేదాకా అందినట్టు సంతకం పెట్టకండి.