కొత్తవాళ్లు బ్రిడ్జ్ క్లబ్బుకి వస్తున్నారు, కానీ నిలవడం లేదా?

మీ క్లబ్బు హాజరు పుస్తకం ఒకసారి తీసి చూడండి. గత ఏడాదిలో ఒకే ఒక్కసారి కనిపించి మళ్లీ రాని పేర్ల కింద గీత గీయండి. మా క్లబ్బులో నేను ఆ పని చేశాక ఆ గీతలు చూసి కాసేపు మాట రాలేదు. అప్పటిదాకా "ఈ కాలం వాళ్లకి ఓపిక లేదండీ, బ్రిడ్జ్ కష్టమైన ఆట కదా" అని మాలో మేమే చెప్పుకుని సర్దుకుపోయేవాళ్లం. కష్టమైన ఆట అని తెలిసే వచ్చారు వాళ్లు. నెలల తరబడి నేర్చుకుని మరీ వచ్చారు. ఆ మూడు గంటలూ మేం వాళ్లతో మెలిగిన తీరు చూసి వెళ్లిపోయారు.

కొన్నేళ్లుగా కొత్తవాళ్లను కూర్చోబెట్టే పని చూస్తున్నాను కాబట్టి, ఏ లక్షణానికి ఏ కారణం దొరికిందో, ఏం చేస్తే తగ్గిందో ఇక్కడ రాస్తున్నాను. తలుపు దగ్గరే జారిపోయేవాళ్లకీ, టేబుల్ మీద నొచ్చుకున్నవాళ్లకీ ఒకే మందు పనిచేయదు. ముందు మీ జబ్బేదో చూసుకోండి.

అడుగుతారు గానీ రారు

"ఆడటానికి రావచ్చా అండీ?" అని ఫోన్ వస్తుంది. "తప్పకుండా రండి. పార్ట్‌నర్ ఉన్నారా?" అంటాం. అవతల కాసేపు నిశ్శబ్దం. "లేరండీ... చూసి చెప్తాను." ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయరు.

మనం మామూలుగా అడిగిన ప్రశ్నే వాళ్లకి తలుపు మూసినట్టు వినిపించింది. బ్రిడ్జ్ ఇద్దరిద్దరు జంటగా నలుగురు ఆడే పేకాట, పార్ట్‌నర్ లేకుండా కుర్చీలో కూర్చోవడమే కుదరదు. ఊరికే చూసి పోదామని వచ్చినా, ఎవరి వెనక నిలబడాలో కూడా తెలియదు.

దీనికి మందు ఒకటే. ప్రతి సెషన్‌కి ఒకరు పార్ట్‌నర్ లేకుండా, ఖాళీగా రావాలి. వంతులవారీగా పేర్లు రాసి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పాల్సిన మాట "మీరొక్కరే రండి, పార్ట్‌నర్ సంగతి మేం చూసుకుంటాం" అని. ఒంటరిగా ఎవరూ రాకపోతే ఆ రోజు ఆ మనిషి ఆడకుండా ఉండాలి, అందుకు ముందే సిద్ధపడి రావాలి. వాళ్లిద్దరూ కూర్చోవడం వల్ల జంటల సంఖ్య బేసి అయితే, రౌండుకో జంట ఖాళీగా ఉండాల్సి వస్తుంది. ఉండనివ్వండి. ఆ కాస్త విసుగు భరించలేని క్లబ్బు కొత్తవాళ్ల గురించి మాట్లాడటం దండగ.

ఈ పనికి క్లబ్బులోని మేటి ఆటగాడిని మాత్రం పెట్టకండి. మేం మొదట చేసిన తప్పు అదే. కొత్తవాళ్లు వేసిన ప్రతి ముక్కకీ ఆయన కనుబొమ్మ ఒక్క రవ్వ లేచేది, అంతే. నోరు మెదిపేవాడు కాదు గానీ ఆ కనుబొమ్మ చాలు. ఓ మోస్తరుగా ఆడుతూ, నిదానంగా నవ్వగలిగే మనిషి కావాలి. ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు ఇద్దరూ ఒక మూల కూర్చుని, ఒక నోట్రంప్‌కి (తురుపు లేని బిడ్‌కి) ఎన్ని పాయింట్లు, మేజర్ (ఇస్పేటు, ఆఠీన్) ఓపెన్ చేయడానికి ఐదు ముక్కలు కావాలా నాలుగు చాలా, ఇలాంటి నాలుగైదు సంగతులు మాట్లాడుకుంటే సరిపోతుంది. కొత్తవాళ్లు ఏ పద్ధతి నేర్చుకుని వస్తే పాతవాళ్లే దానికి మారాలి.

గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తారు

తలెత్తి చూసేవాళ్లు ఉండరు, అందరూ పేక కలుపుతూనో స్కోరుషీట్లు సర్దుతూనో ఉంటారు. తలుపు దగ్గర ఒక మనిషిని ఉంచండి, పేరు అడిగి టేబుల్ దాకా తీసుకెళ్లమనండి. ఆ నడకలోనే రెండు ముక్కలు చెప్పాలి: నార్త్-సౌత్ జంట కదలకుండా కూర్చుంటుంది, ఈస్ట్-వెస్ట్ ప్రతి రౌండుకీ పై నంబరు టేబుల్‌కి వెళ్తుంది, బోర్డులు (పంచిన ముక్కలు పెట్టే పెట్టెలు) కింది నంబరుకి వెళ్తాయి. కొత్త జంటను నార్త్-సౌత్‌గా కూర్చోబెట్టండి. తిరిగే టెన్షన్ ఒకటి తగ్గుతుంది. స్కోరు నమోదు సాధారణంగా నార్త్ పని కాబట్టి, ఆ కుర్చీలో తోడు వచ్చిన పాత మనిషి ఉంటే మంచిది. మొదటి రౌండులో ఎదురుగా ఎవరొస్తారో ఆట నడిపే డైరెక్టర్ చూసుకోవాలి. మీ క్లబ్బులో అందరూ భయపడే జంట ఏదో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ముక్కలు పట్టుకుని బిగుసుకుపోతారు

పాస్ కార్డు తీయబోతే బిడ్డింగ్ బాక్స్‌లోంచి (బిడ్లు, అంటే పాటలు, చూపించే కార్డుల పెట్టెలోంచి) నాలుగు కార్డులు ఒక్కసారే బయటికొస్తాయి. లీడ్ (మొదటి ముక్క) వేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. పక్క టేబుల్ వాళ్లు ఆట ముగించుకుని వచ్చి వెనక నిలబడతారు. ఆ నిలబడటమే ఉన్న కాస్త ధైర్యాన్నీ తినేస్తుంది.

చాలాసార్లు ఇక్కడ గడియారమే అసలు సమస్య. డూప్లికేట్‌లో, అంటే అవే ముక్కలు అన్ని టేబుళ్లలోనూ వంతులవారీగా ఆడే క్లబ్బు పోటీలో, బోర్డుకి సుమారు ఏడున్నర నిమిషాలు ఇస్తాం. ఇంట్లో నలుగురు కూర్చుని నేర్చుకున్నవాళ్లకి ఒక్కో బోర్డుకి పావుగంట అలవాటు. కాబట్టి కొత్త జంట ఉన్న టేబుల్‌కి రౌండులో ఒక బోర్డు తగ్గించండి. ఆడని బోర్డుకి ఇచ్చే సర్దుబాటు స్కోరు గురించి నిబంధనల్లోనే ఉంది: తప్పు నేరుగా తమదే అయిన జంటకి 40 శాతం, కొంతవరకే అయితే 50, అసలు లేకపోతే 60. కొత్తవాళ్లకి 50, ఎదుటివాళ్లకి 60 రాసేస్తే ఎవరికీ బాధ ఉండదు. వెనక నిలబడే అలవాటును మాత్రం డైరెక్టర్ గట్టిగానే ఆపాలి.

బిడ్డింగ్ దగ్గరే తడబడుతున్నవాళ్లు ఎక్కువమంది ఉంటే, ఓపెన్ సెషన్‌కి ముందు విడిగా మినీబ్రిడ్జ్ పెట్టండి. అందులో బిడ్డింగే ఉండదు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున ఎవరి పాయింట్లు వాళ్లు పైకి చెబుతారు. మొత్తం 40లో ఎక్కువ ఉన్న జంట ఆడుతుంది, ఆ జంటలో ఎక్కువ పాయింట్లున్నవాళ్లు డిక్లేరర్, అంటే ఇద్దరి ముక్కలూ ఆడే మనిషి. డమ్మీ, అంటే డిక్లేరర్ పార్ట్‌నర్, ముక్కలు పరిచాక, చూసుకుని కాంట్రాక్ట్ (ఏ తురుపుతో ఎన్ని ట్రిక్కులు, అంటే పట్లు, గెలుస్తామనే మాట) చెప్పొచ్చు. ఇది పిల్లలాట అని పాతవాళ్లు ముఖం చిట్లిస్తారు. వాళ్లనే ఒకసారి కూర్చోబెట్టండి, ముక్కలు ఆడటంలో ఎంత సరుకుందో తేలిపోతుంది.

"డైరెక్టర్!" అనగానే ముఖం పాలిపోతుంది

ఆఠీన్ ఆట నడుస్తుంటే, చేతిలో ఆఠీన్ ఉండి కూడా పొరపాటున కళావర్ వేశారు. రెండు ట్రిక్కుల తర్వాత ఆ ఆఠీన్ బయటపడింది. ఎదుటి మనిషి చెయ్యెత్తి గట్టిగా "డైరెక్టర్!" అన్నాడు. హాలంతా తలతిప్పింది. కొత్తవాళ్ల దృష్టిలో ఇది పోలీసును పిలవడమే, దొంగతనం అంటగట్టినట్టే.

నిజానికి డైరెక్టర్‌ని పిలవడం తప్పు కాదు. టేబుల్ మీద ఎవరైనా ఒక పొరపాటును ఎత్తిచూపాక వెంటనే డైరెక్టర్‌ని పిలవాలి, శిక్ష ఏంటో ఆటగాళ్లు తమలో తాము తేల్చుకోకూడదు. ఇది 2017 నాటి డూప్లికేట్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కానీ ఈ సంగతి కొత్తవాళ్లకి ఎవరు చెప్పారు? ఆట మొదలవకముందే, ఏ పొరపాటూ జరగకముందే డైరెక్టర్ ఆ టేబుల్‌కి వెళ్లి "మధ్యలో ఏ డౌట్ వచ్చినా నన్ను పిలవండి, నా పనే అది" అని తన ముఖం చూపించి రావాలి. పిలిచేవాళ్లు కూడా "డైరెక్టర్ గారూ, ఒకసారి ఇటు వస్తారా" అంటే సరిపోతుంది. వచ్చిన డైరెక్టర్ ముందు "ఇది మా అందరికీ జరిగేదే" అని, ఆ తర్వాతే ట్రిక్కుల లెక్కలోకి దిగాలి.

చాలా రివోక్‌లు (రంగు ఉండీ వేయకపోవడం) జరగకుండానే ఆపొచ్చు. డిక్లేరర్ రంగు తప్పినప్పుడు "ఆఠీన్లు లేవా, పార్ట్‌నర్?" అని అడిగే హక్కు డమ్మీకి ఉంది. తప్పు చేసిన జంట తర్వాతి ట్రిక్కులో ముక్క వేయకముందే గుర్తిస్తే దిద్దుకోవచ్చు కూడా. తోడు కూర్చున్న పాత పార్ట్‌నర్‌కి ఈ ప్రశ్న నోట్లో ఆడుతూ ఉండాలి. నష్టపోయిన జంట కోరితే, తగిన కారణం ఉంటే, శిక్ష మాఫీ చేసే అధికారం కూడా డైరెక్టర్‌కి ఉంది. ఈ సంగతి చాలా క్లబ్బుల్లో మరిచేపోయారు. మొదటిసారి వచ్చినవాళ్ల దగ్గర రెండు ట్రిక్కులు లాక్కుని గెలవాలని మీకు నిజంగా ఉందా?

బోర్డు అయిపోగానే "సారీ" అంటారు

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే లక్షణం ఇది. ఎవరూ ఏమీ అనకముందే సారీ చెప్పడం మొదలైందంటే, ఆ మనిషి రెండో వారం రాదనే నా లెక్క.

ఒక సాయంత్రం నేను డైరెక్టర్‌గా తిరుగుతూ ఓ టేబుల్ దగ్గర ఆగాను. నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్ట్. కొత్తగా వచ్చినావిడ డిక్లేరర్. ఇద్దరి చేతుల్లో కలిపి తురుపులు తొమ్మిది, డమ్మీలో ఆసు-రాణి, రాజు అవతలివాళ్ల దగ్గర. ఆవిడ తన చేతిలోంచి చిన్న ఇస్పేటు వేసింది. ఎడమపక్కాయన చిన్నది వేశాడు. ఆవిడ డమ్మీ వైపు చూసి, పెదాలు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుని, "రాణి" అంది. కుడిపక్క నుంచి రాజు పడింది. చివరికి ఒక్క ట్రిక్ తక్కువై కాంట్రాక్ట్ పోయింది.

కుడిపక్కాయన తన ముక్కలు బోర్డులో దోపుతూ, నవ్వుతూనే, "ఆసు కొట్టి ఉంటే నా రాజు పడిపోయేదమ్మా, ఒంటరిది" అన్నాడు. ఆవిడ పార్ట్‌నర్ కూడా తలూపాడు. ఆవిడ పార్ట్‌నర్ వైపు తిరిగి "సారీ అండీ" అంది.

ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. రాజు ఎడమపక్క ఉంటే రాణి నెగ్గుతుంది, అలా ఉండే అవకాశం సగానికి సగం. తొమ్మిది తురుపులున్నప్పుడు రాజు ఒంటరిగా ఉండే అవకాశం రెండు పక్కలా కలిపినా 12 శాతం దాటి పెద్దగా ఉండదు. ఆసు కొట్టాలని ఆయనకి తోచింది రాజు ఆయన చేతిలో ఉంది కాబట్టి! సరిగ్గా ఆడిన మనిషి తప్పు చేశాననుకుని ఇంటికి వెళ్లింది.

ఆయన చెడ్డవాడు కాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. నేనూ ఏళ్లపాటు అలాగే సాయం చేశాను, ఎంతమందిని పంపించేశానో తెలియదు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టే, ఆటలో వాళ్ల ఆనందాన్ని చెడగొట్టే మాటా చేతా జాగ్రత్తగా మానుకోవాలని నిబంధనల్లోనే రాసుంది. 74వ నిబంధన తీసి చూడండి.

మేం పెట్టుకున్న కట్టుబాటు చిన్నది. అడగనిదే టేబుల్ మీద సలహా ఇవ్వకూడదు. పార్ట్‌నర్‌కి కూడా. ఆట అంతా అయ్యాక తోడు ఆటగాడు ఒకే ప్రశ్న వేస్తాడు: "ఇవాళ ఆడినవాటిలో ఏ బోర్డు గురించి మాట్లాడుకుందాం?" బోర్డును కొత్తవాళ్లే ఎంచుకుంటారు. ఒక్కటే బోర్డు, పది నిమిషాలు. అందులో వాళ్లు సరిగ్గా చేసింది ముందు దొరకాలి. ఆ ఇస్పేట్ల ఫినెస్ (రాజు ఎడమపక్క ఉందని నమ్మి రాణి వేయడం) లాంటిది ఏదో ఒకటి ఉండకపోదు. టేబుల్ మీద నోరు ఊరుకోని పాతవాళ్లకి మాత్రం విడిగా, మర్యాదగా, పేరు పెట్టి చెప్పాలి. అందరికీ కలిపి గోడ మీద నోటీసు అంటిస్తే, చదవాల్సినవాళ్లు అది పక్కవాళ్ల గురించి అనుకుంటారు.

ఎదుటివాళ్ల బిడ్లు అర్థంకాక పాస్ చేస్తూ పోతారు

ఒక నోట్రంప్ మీద రెండు డైమన్లు బిడ్ చేశారు. కొత్తవాళ్లు "ఏంటండీ అది?" అని అడిగితే "ట్రాన్స్‌ఫర్" అంటాం. పేరు చెబితే వివరణ ఇచ్చినట్టు కాదు. "ఆఠీన్లు ఐదు గానీ ఎక్కువ గానీ ఉన్నాయని అర్థం, డైమన్లతో సంబంధం లేదు" అనాలి. పాతవాళ్లకి ఇది ఒక వారం కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

స్కోరు 38 శాతం చూసి డీలా పడతారు

పరీక్షలో 38 వచ్చినట్టు అనుకుంటారు. ఇక్కడ 50 అంటే సరిగ్గా మధ్య, ఒకరికి 62 వస్తే ఆ మేరకు ఇంకొకరికి తగ్గాల్సిందే అని ముందే చెప్పాలి. ఏడు టేబుళ్లు ఉన్నాయనుకోండి, ఒక బోర్డులో మీ దిక్కున కూర్చున్న మిగతా ఆరు జంటల్లో ఎవరిని దాటితే వాళ్లకి రెండేసి పాయింట్లు, సమానమైతే ఒకటి. టాప్ 12. కొత్త జంట ఎంత కింద ఉన్నా ఏదో ఒక బోర్డులో 10, 12 తెచ్చుకునే ఉంటుంది. ఆ బోర్డు నంబరు వెతికి చూపించడం తోడు ఆటగాడి చివరి పని. ఫలితాలు పైకి చదివేటప్పుడు మొదటి మూడు స్థానాలతో ఆపేయండి.

"మా ఆట పాడైపోతోంది" అని పాతవాళ్లు గొణుగుతారు

వాళ్ల మాటలోనూ న్యాయముంది. వారమంతా ఎదురుచూసి గట్టి పోటీ కోసం వస్తారు. అన్ని సెషన్లలోనూ కొత్తవాళ్లను కలపకండి. ఏ సెషన్ ఎవరి కోసమో ముందే చెప్పి, కలిసి ఆడే రోజున వచ్చే పాతవాళ్లు ఇష్టపడి వచ్చేలా చూడండి. బలవంతాన కూర్చోబెడితే ఆ కనుబొమ్మే మళ్లీ లేస్తుంది.

నాలుగైదు నెలలు వచ్చి, మెల్లగా మాయమవుతారు

వీళ్లను పోగొట్టుకోవడం ఎక్కువ బాధ. సాధారణంగా రెండిట్లో ఒకటి జరిగి ఉంటుంది. తోడు ఆటగాళ్లతోనే తిరుగుతూ సొంత పార్ట్‌నర్ కుదరక విసిగిపోయి ఉంటారు, లేదా కొత్తవాళ్ల సెషన్‌లోనే ఉండిపోయి, పెద్ద సెషన్‌కి ఎప్పుడు వెళ్లొచ్చో చెప్పేవాళ్లు లేక ఆగిపోయి ఉంటారు. ఎవరి ఆట ఎవరికి సరిపోతుందో తోడు ఆటగాళ్లకే బాగా తెలుస్తుంది. నెలకోసారి వాళ్లను కూర్చోబెట్టి, ఒంటరిగా వస్తున్నవాళ్ల పేర్లు జతలుగా రాయించండి. మొన్న అలా రాసిన జాబితాలో ఆ ఇస్పేట్ల రాణి ఆడినావిడ పేరు కనిపించింది. ఆవిడ మానేసి రెండు నెలలైందని అప్పుడే గమనించాం. ఫోన్ చేసి, "మీరు ఆ రోజు రాణి వేయడమే కరెక్టండీ, లెక్క చెప్తాను వినండి" అన్నాను. చివరిదాకా విని, "శనివారం ఎన్నింటికి మొదలుపెడతారు?" అని అడిగింది.