ప్రయాణాల్లో కనిపించిన జంతువులు, పక్షుల లెక్క రాసుకోవడం ఎలా?

శ్రీశైలం వెళ్లొచ్చిన వాళ్లను దారిలో ఏం కనిపించాయని అడిగితే "కోతులు బోలెడు, జింకలు కూడా కనిపించాయి" అంటారు. ఏ జింకలు? ఎన్ని? మన్ననూరు చెక్‌పోస్టు దాటగానేనా, దోమలపెంట దగ్గరా? అక్కడితో మాట ఆగిపోతుంది. ఆ వివరాలు అక్కడికక్కడే రాసుకుంటే అదే దారిలో మళ్లీ వెళ్లినప్పుడు పోల్చుకోవచ్చు. దీనికి పెద్ద కెమెరా, జంతుశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు. పులి కనిపించి తీరాలన్న టెన్షన్ అసలే వద్దు.

ముందు మీ రూల్స్ రాసుకోండి

పుస్తకం మొదటి పేజీలోనే ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చేయండి. సాధారణంగా పాటించేది ఇది: బతికి ఉండాలి, స్వేచ్ఛగా తిరుగుతుండాలి, పెంపుడుది కాకూడదు. కాబట్టి జూపార్కు సింహం, కంచె వేసిన పార్కులోని జింకలు, ఊరి కుక్కలు లెక్కలోకి రావు. వాహనం గుద్ది చనిపోయినవి, పాదముద్రలు, పెంటికలు వేరే పేజీలో రాయండి. అవీ పనికొచ్చే సమాచారమే.

అరుపు మాత్రమే వినిపించినవాటి సంగతి మీ ఇష్టం. నేనైతే పక్షుల విషయంలో ఒప్పుకుంటాను, పక్కన "వి" అని గుర్తు పెడతాను. గుడ్లగూబనో కోకిలనో కంటితో చూస్తేనే లెక్క అంటే ఆ పేజీ చాలాకాలం ఖాళీగానే ఉంటుంది. మీరు ఏ రూలు పెట్టుకున్నా మధ్యలో మార్చకండి.

ఏం తీసుకెళ్లాలి?

జేబులో పట్టే పుస్తకం, పెన్సిలు. వానలో తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 చూడండి. అంటే 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందున్న లెన్సు 42 మిల్లీమీటర్లు ఉంటుంది. లేకపోయినా పని ఆగదు.

ఫోన్‌లో పక్షుల కోసం ఈబర్డ్ (చూసినవాటి జాబితా రాసుకోవడానికి), మెర్లిన్ (పేరు గుర్తుపట్టడానికి) అనే యాప్‌లు వేసుకోవచ్చు. రెండూ అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీవి, రెండూ ఉచితం. పాములు, సీతాకోకచిలుకలు, మొక్కలతో సహా అన్నిటికీ ఐనాచురలిస్ట్ ఉంది. నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకని మెర్లిన్‌లో మన ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. అరుపు విని అది చెప్పే పేరును మాత్రం సూచనగానే తీసుకోండి. పక్షిని చూసో, అరుపును మీరే గుర్తుపట్టో నిర్ధారించుకున్నాకే రాయండి.

అక్కడే, అప్పుడే రాయండి

రాత్రి గదికి చేరాక రాద్దామనుకుంటే సగం మర్చిపోతాం, మిగతా సగంలో అంకెలు పెరిగిపోతాయి. తేదీ, సమయం, చోటు, జీవి, సంఖ్య, ఏం చేస్తోంది, ఎంత నమ్మకం అనే ఏడు విషయాలు ఉంటే చాలు. ఉదాహరణకు, పేజీ పైన తేదీ వేశాక ఒక నమోదు ఇలా ఉండొచ్చు:

"ఉ. 7.10, ఫర్హాబాద్ దారి, కొండముచ్చులు 14 (పిల్లలు 3), చెట్టు మీద చిగుళ్లు తింటున్నాయి, ఖాయం."

చోటు రాసేటప్పుడు "నల్లమల అడవి" అంటే కుదరదు, అది కొన్ని జిల్లాల మేర ఉంది. ఊరు, కిలోమీటరు రాయి, చెరువు పేరు, ఏదో ఒకటి ఉండాలి. లొకేషన్ ఆన్ చేసి ఫోన్‌తో ఒక ఫొటో తీసినా సమయం, చోటు అందులో నిలిచిపోతాయి. అదే ఫొటోను మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు పోతాయి కాబట్టి అసలు ఫొటోను దాచుకోండి. బండి నడిపేవాళ్లు మాత్రం రాయకూడదు, ఆ పని పక్క సీటు వాళ్లది.

గుంపును లెక్కపెట్టడం

కైకలూరు దగ్గర ఆటపాకలోనో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనో చెట్ల నిండా గూడబాతులు, కొంగలు ఉంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పది పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత జాగా తీసుకున్నాయో చూడండి. గుంపు మొత్తంలో అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి. మరీ పెద్ద గుంపైతే పదికి బదులు యాభైతో మొదలుపెట్టండి. "సుమారు 300" అని రాయడం తప్పేమీ కాదు. "చాలా" అని రాస్తేనే దేనికీ పనికిరాదు.

కోతులు, కొండముచ్చులు రోడ్డు దాటేటప్పుడు లెక్కపెట్టడం తేలిక. వెళ్లేటప్పుడు చూసిన చెరువునే వచ్చేటప్పుడూ చూస్తే రెండు అంకెలూ కలపకండి, పెద్దదాన్ని తీసుకోండి.

అసలు చిక్కు గుర్తుపట్టడంలోనే

పొలంలో తెల్లగా కనిపించిన ప్రతిదాన్నీ కొంగ అనేస్తాం. ముక్కు, కాళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుప్పచ్చగా ఉంటే అది లిటిల్ ఈగ్రెట్. పశువుల వెంట తిరుగుతూ, పసుపు ముక్కు, పొట్టి మెడ ఉంటే క్యాటిల్ ఈగ్రెట్. గుడ్లు పెట్టే కాలంలో దాని తల, మెడ, వీపు మీద నారింజ రంగు వస్తుంది. గట్టు మీద మట్టిరంగులో కలిసిపోయి కూర్చుని, ఎగరగానే తెల్లటి రెక్కలు చూపించేది గుడ్డికొంగ.

ఇంకో పొరపాటు, ఒకే జీవిని రెండుగా రాసుకోవడం. నల్లటి మగ కోకిల, గోధుమరంగు మీద చుక్కలున్న ఆడ కోకిల పక్కపక్కన ఉన్నా కొత్తవాళ్లు రెండు జాతులనుకుంటారు. కృష్ణజింకల్లోనూ అంతే. ఎదిగిన మగది ముదురు రంగులో మెలితిరిగిన కొమ్ములతో ఉంటుంది, ఆడది లేతగోధుమ రంగులో ఉంటుంది.

తేలకపోతే "తెల్లకొంగ, జాతి తెలియలేదు" అని రాసి వదిలేయండి. ఊహించి రాసిన అరుదైన పేరు కన్నా అదే మేలు. అంకె పెంచుకోవాలన్న ఆశే ఈ అలవాటుకు పెద్ద శత్రువు.

రైల్లో, బస్సులో

కిటికీ పక్క సీటు దొరికితే తీగల మీద పాలపిట్టలు, పసులపోలిగాళ్లు, లకుముకి పిట్టలు కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడ చోటును "గూడూరు–సూళ్లూరుపేట మధ్య" అని రాస్తే సరిపోతుంది. ఈబర్డ్‌లో ఇలాంటివాటిని యాదృచ్ఛికంగా చూసిన రకంలో (Incidental) వేయండి. చెరువు గట్టున ఒకచోట నిలబడి చూసినప్పుడు మాత్రం గుర్తుపట్టగలిగిన ప్రతి పక్షినీ, కాకిని కూడా, రాయండి. అన్నీ రాసిన జాబితాలోనే ఒక పక్షి లేకపోవడానికి అర్థం ఉంటుంది. నత్తగుల్ల కొంగలు వానలతో శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి వస్తాయి, గూడబాతుల కోసం సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు చలికాలంలో వెళ్లాలి. తప్పు నెలలో వెళ్లి "లేవు" అని రాసుకున్నా అది సమాచారమే.

చోటు దాచాల్సిన జీవులు

నక్షత్ర తాబేలు, అలుగు, దేవాంగపిల్లి, రెండుతలల పాము లాంటివి కనిపిస్తే మీ పుస్తకంలో వివరంగా రాసుకోండి. చోటును మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. వీటిని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటు మామూలుగా ఇతరులకు కనపడదు, మిగతావాటికీ మీరే అలా దాచొచ్చు. గూళ్ల దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయడం, దగ్గరికి రావాలని కోతులకు బిస్కెట్లు వేయడం వద్దు. మేత చూపించి రప్పించినదాన్ని నేను లెక్కలో వేయను.

ఇంటికొచ్చాక

ఒకటి రెండు రోజుల్లో పుస్తకంలోని వివరాలను ఎక్సెల్‌లోకి ఎక్కించండి. ఒక్కో నమోదుకు ఒక్కో వరుస, పైన చెప్పిన ఏడు విషయాలకు ఏడు గడులు. చోటు పేరు ప్రతిసారీ ఒకేలా టైపు చేయండి. "ఉప్పలపాడు" అని ఒకసారి, "ఉప్పలపాడు చెరువు" అని ఒకసారి రాస్తే తర్వాత వెతకడం కష్టం. సందేహంగా వదిలేసిన ఫొటోలను ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు సూచిస్తారు. అప్పుడు పాత రాతను కొట్టేయకుండా పక్కన కొత్త పేరు, దిద్దిన తేదీ వేయండి. ఈబర్డ్‌లో ఎక్కించినవాటినీ వెబ్‌సైటు నుంచి అప్పుడప్పుడూ డౌన్‌లోడ్ చేసి, ఎక్సెల్ ఫైలు పక్కనే దాచుకోండి.