తీగ పోయింది, గోడ అంచున మరక మిగిలింది

ఫోటోషాప్‌లో స్పాట్ హీలింగ్ బ్రష్‌తో ఫోటోలోని కరెంటు తీగ చెరిపితే ఆకాశంలో శుభ్రంగా పోయింది. గోడను తాకే చోట మాత్రం నల్లటి మరక. ఈ బ్రష్ చుట్టుపక్కల రంగుల్ని కలిపేస్తుంది, అందుకే గోడ రంగు ఆకాశంలోకి పాకింది. దాని మీదే మళ్లీ రుద్దితే ఇంకా అలుక్కుపోతుంది.

అన్‌డూ చేసి, పైన ఖాళీ లేయర్ (పొర) వేశాను. ఒక చోటును కాపీ చేసి మరో చోట పూసే క్లోన్ స్టాంప్‌లో శాంపిల్‌ను ‘కరెంట్ అండ్ బిలో’కి (ఈ లేయర్, దాని కిందివాటి నుంచి కాపీ) మార్చి, బ్రష్ తీగ మందం కంటే కాస్త పెద్దది, హార్డ్‌నెస్ (బ్రష్ అంచు పదును) 80 శాతం పెట్టాను. తీగకు దూరంగా, సరిగ్గా గోడ అంచు మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేసి, అదే అంచు వెంబడి పూస్తే గీత అతికింది. హార్డ్‌నెస్ సున్నాలో ఉంటే అంచు మసకబారుతుంది. 100 శాతం జూమ్‌లో సరిచూస్తే చాలు. 300లో కనిపించే ప్రతి చుక్క వెంటా పడితే తెల్లారిపోతుంది.